షియావ్ యావ్ వాన్ రివ్యూ: స్ట్రెస్ నీరసానికి ఈ చైనా గోళీలు కొనొచ్చా?

సింగపూర్‌లో మన తెలుగువాళ్ళ గ్రూపుల్లో ఈ గోళీల ముచ్చట మాటిమాటికీ వస్తూనే ఉంటుంది, ఎవరో ఒకరు ఆఫీస్ స్ట్రెస్ తట్టుకోలేకపోతున్నా పొద్దున లేస్తే ఒంట్లో సత్తువే ఉండట్లేదు అని పెడతారు, వెంటనే ఇంకొకరు షియావ్ యావ్ వాన్ వాడండి అండీ మా ఆఫీసులో చైనీస్ అమ్మాయి చెప్పింది నాకైతే సూపర్ అని రాసేస్తారు. సరే అని నేనూ వాడాను, వాడుతూ దీని మీద జరిగిన స్టడీలు కూడా కూర్చుని చదివాను, అందుకే రివ్యూ కాస్త పొడుగు. టైం లేనివాళ్ళకి ముందే చెప్పేస్తున్నా, ఐదుకి రెండున్నర. రెండు మార్కులు ధరకీ, కడుపుని పెద్దగా ఇబ్బంది పెట్టనందుకూ, ఆ అర మార్కు ఇన్ని వందల ఏళ్ళుగా జనం వదలకుండా వాడుతున్నందుకు. నీరసం తగ్గించినందుకు మార్కులేద్దామంటే, తగ్గించింది ఈ గోళీలే అని చెప్పే ఆధారం నా దగ్గరా లేదు, స్టడీల్లోనూ గట్టిగా లేదు.

కొన్నది చైనాటౌన్‌లో. సౌత్ బ్రిడ్జ్ రోడ్డులో మారియమ్మన్ గుడి తెలుసుగా, దీపావళికి ముందు నిప్పుల మీద నడుస్తారే అదే, ఆ చుట్టుపక్కల చైనీస్ మందుల కొట్లు బోలెడున్నాయి. లోపలికెళ్తే గోడ పొడుగునా చెక్క సొరుగులు, గాజు జాడీల్లో ఎండు వేర్లూ పుట్టగొడుగులూ, ఓ మూల ఎండు సముద్రపు సరుకు వాసన, అన్నీ కలిపి ఒకలాంటి ఘాటు. కౌంటర్ దగ్గర ఆంటీ (ఇక్కడ పెద్దవాళ్ళందరూ ఆంటీ అంకుల్సే) చాలా ఓపిగ్గా మాట్లాడింది, నిద్ర పడుతోందా, ఆకలి వేస్తోందా, డొక్కల దగ్గర పట్టేసినట్టు ఉంటోందా, ఊరికే నిట్టూర్పులు వస్తున్నాయా, పీరియడ్స్ టైముకి వస్తున్నాయా, నాలుక చూపించమ్మా అని అన్నీ అడిగింది. మా ఫ్యామిలీ డాక్టర్ కూడా ఇంత తీరిగ్గా అడగడు నిజం చెప్పాలంటే. కానీ అడగాల్సింది ఒకటి అడగలేదు, వేరే మందులేమైనా వాడుతున్నావా, బీపీ ఉందా అని. అది ఎందుకు ముఖ్యమో కింద రాస్తా. ఈ కౌంటర్ ఆంటీ వేరు, రిజిస్టర్డ్ చైనీస్ వైద్యులు వేరు అని కూడా గుర్తుంచుకోండి, సింగపూర్‌లో 2000లో వచ్చిన చట్టం ప్రకారం వైద్యం చేసేవాళ్ళు బోర్డులో రిజిస్టర్ అయి ఉండాలి, వాళ్ళు రెండు చేతుల నాడీ మూడేసి వేళ్ళతో పట్టుకుని చూసి అప్పుడు మందు రాస్తారు. నేను ఆ దారిలో వెళ్ళలేదు, రెడీమేడ్ సీసానే కొన్నా, గ్రూపుల్లో అందరూ చేసేదీ అదే కాబట్టి.

సీసా చిన్న ప్లాస్టిక్‌ది, మూత కింద స్పాంజి ముక్క కుక్కి ఉంటుంది, లోపల 200 గోళీలు, నల్లగా నిగనిగలాడుతూ మిరియం గింజ కన్నా కొంచెం పెద్దవి. మోతాదు 8 గోళీలు రోజుకి మూడుసార్లు. అంటే రోజుకి 24, సీసా వారం దాటి ఇంకో రోజు వస్తే గొప్ప. సీసా పది డాలర్ల లోపే అని మురిసిపోకండి, నెలకి దగ్గరదగ్గర నాలుగు సీసాలు పడతాయి. మూత తీయగానే సోంపు, వాము కలిపి పాతబడిపోతే వచ్చే లాంటి వాసన వస్తుంది, అందులో ఉండే దాంగ్ గ్వే అనే వేరు కూడా సోంపు, జీలకర్ర, కొత్తిమీర కుటుంబానికి చెందిందే లెండి. నోట్లో వేసుకుంటే మొదట తీపి, ఒక్క క్షణం ఆలస్యం చేస్తే చేదు. ఎనిమిదీ ఒకేసారి గోరువెచ్చటి నీళ్ళతో మింగేస్తే గొడవుండదు.

లేబుల్ మీద పేర్లన్నీ లాటిన్‌లో ఉంటాయి, రాడిక్స్ బుప్లూరీ, రాడిక్స్ పియోనియే ఆల్బా అంటూ, చూసి భయపడక్కర్లేదు. చైనా ఫార్మకోపియా (అక్కడి ప్రభుత్వం వేసే మందుల పుస్తకం) లెక్క ప్రకారం ఛాయ్ హూ, దాంగ్ గ్వే, తెల్ల పియోనీ వేరు, బాయ్ ఝూ, ఫూ లింగ్ అనే ఐదు మూలికలూ సమపాళ్ళు, తలా 100 గ్రాములైతే అతిమధురం 80, పుదీనా జాతి ఆకు 20, వీటికి తోడు అల్లం. ఫూ లింగ్ అనేది చెట్టు కాదు, పైన్ చెట్ల వేళ్ళ మీద పెరిగే ఒకరకం పుట్టగొడుగు గడ్డ. అల్లం, పుదీనా, అతిమధురం అంటే సగం మన వంటింటి సరుకే కదా ఏమవుతుందిలే అనిపిస్తుంది, నాకూ అనిపించింది. అతిమధురం మాత్రం కాస్త చూసుకోవాల్సిన సరుకే.

దీని చరిత్ర నాకు భలే నచ్చింది. ఇది ఏ కంపెనీ ల్యాబ్‌లోనో పుట్టింది కాదు, చైనాలో సోంగ్ రాజుల కాలంలో గవర్నమెంటే మందుల షాపులు నడిపింది, మొదటిది 1076లో అప్పటి రాజధాని కైఫెంగ్‌లో తెరిచారు, ప్రైవేటు వర్తకులు కల్తీ చేసి ఎక్కువకి అమ్ముతుంటే జనానికి సరైన ధరకి మందు అందాలని. ఆ షాపుల్లో అమ్మే మందుల ఫార్ములాలన్నీ కలిపి తాయ్‌పింగ్ హ్వేమిన్ హజీజూ ఫాంగ్ అని ఒక పుస్తకం చేశారు, షియావ్ యావ్ సాన్ అందులోదే. సాన్ అంటే పొడి, అప్పట్లో పొడిని అల్లం, పుదీనాతో కాచుకుని తాగేవాళ్ళు, ఇప్పుడు గోళీ అయింది కాబట్టి వాన్. అంటే తొమ్మిది వందల ఏళ్ళ కిందటి ఓవర్ ది కౌంటర్ మందు అన్నమాట, జన ఔషధి కేంద్రం సరుకు అనుకోండి. చైనీస్ వైద్యం భాషలో ఇది లివర్ దగ్గర చీ అనే ప్రాణశక్తి అడ్డం పడి, దానివల్ల జీర్ణం మందగించి, రక్తం తక్కువైన వాళ్ళకి. మనం ఆ లివర్‌ని స్కానింగ్‌లో కనపడే లివర్ అనుకోకూడదు, కోపం మింగుకుని టెన్షన్ పడుతూ తిండి సయించక నీరసపడ్డ మనిషి అని వాళ్ళ పద్ధతిలో చెప్పడం అది. ఆ వర్ణన వింటే ఐటీలో పనిచేసే ప్రతివాళ్ళకీ అచ్చం నా గురించే చెప్తున్నారు అనిపిస్తుంది, ఈ గోళీలు అంతలా అమ్ముడుపోవడానికి అదీ ఒక కారణమేమో.

వాడితే ఏమైంది అంటే, మొదట్లో పెద్దగా ఏమీ లేదు. తర్వాత్తర్వాత పొట్ట ఉబ్బరం తగ్గింది, భోజనం కాస్త సయించింది, సాయంత్రం ఆరయ్యేసరికి సోఫాలో కూలబడిపోయే స్థితి కొంచెం మెరుగైంది. బాగుంది కదా మరి మార్కులెందుకు కోశావ్ అంటారా, అదే సమయంలో మా ప్రాజెక్ట్ రిలీజ్ అయిపోయింది, రాత్రి పదకొండు కాల్స్ ఆగిపోయాయి, గోళీలు గుర్తుండాలని మూడు పూటలా టైముకి తినడం కూడా మొదలెట్టాను. వీటిలో ఏది పనిచేసిందో నేనెలా చెప్పగలను. మనం ఏ మందైనా కొనేది ప్రాణం మీదకి వచ్చినప్పుడే, అక్కడి నుంచి ఎలాగూ ఎంతో కొంత తేరుకుంటాం, క్రెడిట్ మాత్రం ఆ టైములో చేతిలో ఉన్న సీసాకి పోతుంది. అందుకే ప్లసీబోతో పోల్చి చూసే స్టడీలు కావాలి, అంటే సగం మందికి అసలు గోళీ, సగం మందికి అలాగే కనపడే ఉత్తుత్తి గోళీ, ఎవరికేది వెళ్ళిందో మింగేవాళ్ళకీ తెలియదు ఇచ్చేవాళ్ళకీ తెలియదు.

ఇక స్టడీల సంగతి. స్ట్రెస్ వల్ల వచ్చే నీరసానికని ప్రత్యేకంగా ఈ గోళీ మీద చేసిన పెద్ద, గట్టి ప్లసీబో ట్రయల్ ఏదీ నాకు దొరకలేదు. దగ్గర్లో ఉన్నవి రెండు రకాలు, డిప్రెషన్ మీద చేసినవి, క్రానిక్ ఫటీగ్ (నెలల తరబడి వదలని నీరసం) మీద చేసినవి. డిప్రెషన్ వైపు 2012లో ఒక రివ్యూ వచ్చింది, 26 ట్రయల్స్, 1837 మంది పేషెంట్లు, మామూలు డిప్రెషన్ మందుతో పాటు షియావ్ యావ్ సాన్ కలిపి ఇస్తే ఇంకాస్త బాగున్నారని వచ్చింది. వినడానికి బాగానే ఉంది కదా, కానీ ఆ ట్రయల్స్ నాణ్యత తక్కువ అని రివ్యూ చేసినవాళ్ళే రాశారు. ఒక గుంపుకి ఒక మందు, ఇంకో గుంపుకి దాని మీద అదనంగా ఇంకో మందు, ఇస్తున్నట్టు ఇద్దరికీ తెలుసు, అదనంగా దొరికినవాళ్ళు బాగుందనే చెప్తారు, అందులో వింతేముంది.

నీరసం వైపు ఇంకా దారుణం. కొక్రేన్ అని ప్రపంచంలో వైద్య ఆధారాలని జల్లెడ పట్టే సంస్థ ఉంది, వాళ్ళు 2009లో క్రానిక్ ఫటీగ్‌కి చైనీస్ మూలికలు పనిచేస్తాయా అని రివ్యూ చేశారు. వేలకొద్దీ పేపర్లు వెతికి, పనికొచ్చేలా ఉన్నవి కొన్ని ఏరి, చివరికి వాళ్ళ రూల్స్‌కి నిలబడ్డవి ఎన్నో తెలుసా, సున్నా. ఒక్కటి కూడా లేదు. పనిచెయ్యదు అని తేల్చారని కాదు, పనిచేస్తుందో లేదో చెప్పడానికి లెక్కలోకి తీసుకోదగ్గ ఒక్క ట్రయల్ కూడా లేదని తేల్చారు, ఈ తేడా చాలామందికి అర్థం కాదు, కొందరు దీన్ని పట్టుకుని చైనీస్ మందంతా బోగస్ అంటారు, ఇంకొందరు చూశావా తప్పని ప్రూవ్ చెయ్యలేకపోయారు అంటారు, రెండూ అతే. తర్వాత 2014లో వచ్చిన ఇంకో రివ్యూలో 23 ట్రయల్స్, 1776 మంది ఉన్నారు, మూలికలు, సూదులు అన్నీ కలిపి, ఫలితాలు అనుకూలంగానే కనపడ్డాయి, కానీ మళ్ళీ అదే పాట, ట్రయల్స్‌లో లోపాలెక్కువ, గట్టిగా ఏమీ చెప్పలేం అని. పైగా క్రానిక్ ఫటీగ్ సిండ్రోమ్ అనేది ఒక జబ్బు, నెలల తరబడి వదలని తీవ్రమైన నీరసం, కొందరైతే మంచం కూడా దిగలేరు, మన ఆఫీస్ అలసటకి దాన్ని అలాగే అతికించలేం కూడా.

ఈ ట్రయల్స్ అన్నీ ఎందుకు ఇంత తియ్యగా వస్తాయి అంటే దానికో పాత పేపరుంది. 1998లో ఆండ్రూ వికర్స్ అనే పరిశోధకుడు, ఆయన టీమ్ ఏ దేశంలో ఎన్ని ట్రయల్స్ పాజిటివ్‌గా వస్తున్నాయో లెక్క తీశారు. ఆక్యుపంక్చర్ కాకుండా మిగతా వైద్యాల ట్రయల్స్‌లో ఇంగ్లండ్‌లో 75 శాతం పాజిటివ్, చైనాలో 99 శాతం. నూటికి తొంభై తొమ్మిది! ఏ దేశంలో అయినా నూటికి తొంభై తొమ్మిది మందులు పనిచేస్తాయా అండీ, పనిచెయ్యనివి అచ్చుకి వెళ్ళట్లేదు అనే కదా అర్థం. అది పాత లెక్క, అప్పటికీ ఇప్పటికీ చైనాలో పరిశోధన చాలా మారింది, కానీ మనం చదివే రివ్యూల్లో కలిపిన ట్రయల్స్ చాలావరకు ఆ రకానివే.

జపాన్‌వాళ్ళు కాస్త నిక్కచ్చి. కాంపో అనే వాళ్ళ సంప్రదాయ వైద్యంలో ఇదే ఫార్ములాకి ఇంకో రెండు మూలికలు కలిపి కామిషోయోసాన్ అంటారు, అక్కడ 148 కాంపో ఫార్ములాలకి ప్రభుత్వ హెల్త్ ఇన్సూరెన్స్ వర్తిస్తుంది, అందులో ఇదీ ఒకటి, ముఖ్యంగా మెనోపాజ్ వయసు ఆడవాళ్ళకి చిరాకు, అలసట, ఒళ్ళు వేడెక్కడం లాంటివాటికి రాస్తారు. దాని మీద రెండొందల మందికి పైగా ఆడవాళ్ళతో 12 వారాలు ప్లసీబో పెట్టి సరైన ట్రయల్ చేశారు. ఏమైందంటే మందు వేసుకున్నవాళ్ళూ బాగయ్యారు, ఉత్తుత్తి మందు వేసుకున్నవాళ్ళూ దాదాపు అంతే బాగయ్యారు, ముఖ్యమైన కొలతలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నాకు ఈ ఒక్క ట్రయల్ మిగతా అన్నిటికన్నా ఎక్కువ చెప్పింది, నాకొచ్చిన మార్పు కూడా అలాంటిదే అయ్యుండొచ్చు.

ఎలుకల మీద స్టడీలు మాత్రం కుప్పలు. ఎలుకని రోజూ రకరకాలుగా హింసపెట్టి స్ట్రెస్ హార్మోన్ పెంచి, తర్వాత ఈ మందు పోసి, హార్మోన్ తగ్గింది, ఎలుక మళ్ళీ చక్కెర నీళ్ళు తాగడం మొదలెట్టింది అంటే దిగులు తగ్గింది అని రాస్తారు. షాపుల్లో పాంప్లెట్ల మీద సైంటిఫికల్లీ ప్రూవెన్ అని ఉండేది ఇవే. ఎలుకకి అప్రైజల్ ఉండదు, ఈఎమ్‌ఐ ఉండదు, అత్తగారి వీడియో కాల్ ఉండదు.

ఇప్పుడు అతిమధురం దగ్గరికి వద్దాం. అందులో గ్లైసిరైజిన్ అని ఒకటుంటుంది, అది కిడ్నీలో కార్టిసోల్ అనే స్ట్రెస్ హార్మోన్‌ని ఆపే ఎంజైమ్‌కి అడ్డుపడుతుంది, దాంతో ఒంట్లో ఉప్పు, నీరు నిలుస్తాయి, పొటాషియం పోతుంది, బీపీ పెరుగుతుంది. పొటాషియం మరీ తగ్గితే కండరాలు పట్టు తప్పి నీరసం వస్తుంది, అంటే నీరసానికి మందు వేసుకుని ఇంకో నీరసం తెచ్చుకోవడం. అందరికీ అవ్వదు, కానీ బీపీ ఉన్నవాళ్ళు, నీరు పోయే మాత్రలు వాడేవాళ్ళు జాగ్రత్త. దాంగ్ గ్వే వేరు వార్ఫరిన్ లాంటి రక్తం పలచబరిచే మందులతో పడదు. జపాన్ రకంలో, అలాగే చైనాలో జియావే షియావ్ యావ్ అని అమ్మే రకంలో గార్డీనియా కాయ కలుస్తుంది, దాన్ని ఏళ్ళ తరబడి, ముఖ్యంగా ఐదేళ్ళు దాటి వాడినవాళ్ళలో పేగుల రక్తనాళాలు గట్టిపడ్డ కేసులు జపాన్‌లో బయటపడ్డాయి, లేబుల్ మీద హెచ్చరిక కూడా పెట్టారు. ప్రెగ్నెంట్ అయితే అసలు సొంతంగా ముట్టుకోవద్దు. ఇక్కడి నుంచి ఇండియా వెళ్ళేటప్పుడు టైగర్ బామ్, యాక్స్ ఆయిల్‌తో పాటు అమ్మకి నాన్నకి ఈ సీసాలు కూడా సూట్‌కేసులో పడేసేవాళ్ళున్నారు, వాళ్ళలో బీపీ మాత్ర లేనివాళ్ళెవరు చెప్పండి.

సీసా మీద ఇంకో చిన్న లైన్ ఉంటుంది, కళ్ళజోడు పెట్టుకుంటే కానీ కనపడదు: కంపెనీ సమర్పించిన సమాచారం ఆధారంగా అమ్మకానికి అనుమతించాం, కొనేవాళ్ళు విచక్షణతో వాడుకోండి అని. అంటే ఇక్కడి హెల్త్ సైన్సెస్ అథారిటీ చూసేది ముఖ్యంగా భద్రత, నాణ్యత, జబ్బు తగ్గిస్తుంది అని వాళ్ళు సర్టిఫికెట్ ఇచ్చినట్టు కాదు. అయినా ఆ లైన్ ఉన్న సీసానే కొనండి. ఆ అనుమతి (లిస్టింగ్) లేకుండా ఆన్‌లైన్‌లో అమ్మే మూలికల మందుల్లో డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్ కలిపినవి వాళ్ళు ఎన్నోసార్లు పట్టుకున్నారు. స్టెరాయిడ్ వేస్తే రెండు రోజుల్లో లేచి పరిగెడతారు, మొహం చంద్రబింబంలా ఉబ్బాక తెలుస్తుంది సంగతి. ఏ మూలికల గోళీ అయినా మరీ అంత స్పీడుగా పనిచేసిందంటే అనుమానించాల్సిందే.

దీనికన్నా మన అశ్వగంధ నయం కదా అని అడుగుతారు, తెలుసు. స్టడీల వరకు చూస్తే కాస్త నయమే, స్ట్రెస్ మీద ప్లసీబోతో పోల్చిన ట్రయల్స్ దానికి ఉన్నాయి, ఒకటి హైదరాబాద్‌లోనే జరిగింది, 2012లో అచ్చయింది, 64 మందికి 60 రోజులు, రోజుకి రెండుసార్లు 300 మిల్లీగ్రాములు, స్ట్రెస్ స్కోరు, కార్టిసోల్ రెండూ తగ్గాయి. కానీ అవీ చిన్న ట్రయల్సే, లివర్ దెబ్బతిన్న కేసులు దానికీ ఉన్నాయి, డెన్మార్క్ 2023లో అశ్వగంధని నిషేధించింది కూడా. మనది కాబట్టి మంచిది, చైనాది కాబట్టి అనుమానం అనే లెక్క నాకు నచ్చదు.

ఇంతకీ ఎవరు కొనొచ్చు? రక్తపరీక్షలు చేయించుకుని, హిమోగ్లోబిన్, థైరాయిడ్, బీ12, షుగర్ అన్నీ బాగున్నాయని తెలిశాక, బీపీ లేకుండా, వేరే మందులేమీ వాడకుండా, టెన్షన్‌కి కడుపు ఉబ్బరించి తిండి సయించని వాళ్ళు ఒకట్రెండు సీసాలు వాడి చూస్తే నష్టమేం లేదు. పరీక్షలు ముందు అని ఎందుకంటున్నానంటే, మా టీమ్‌లో ఒకమ్మాయి నెలల తరబడి ఇవే మింగింది, ఆయాసం మొదలయ్యాక డాక్టర్ దగ్గరికెళ్తే హిమోగ్లోబిన్ ఎనిమిది. మన వైపు శాకాహారుల్లో బీ12 తక్కువ ఉండటం మామూలే, దానికి ఛాయ్ హూ ఏం చేస్తుంది పాపం. నిద్ర లేక, దిగులుతో ఏ పనీ చెయ్యబుద్ధి కాక వారాలు గడుస్తుంటే కూడా ఈ సీసా కాదు, డాక్టర్.

నేనైతే ఉన్న సీసా అవ్వగొట్టాను, మళ్ళీ కొనలేదు, కొనాలనీ అనిపించలేదు. వెజ్జేనా అని అడుగుతారు కాబట్టి అదీ చెప్పేస్తా, ఫార్ములా వరకు అన్నీ మొక్కలు, ఒక పుట్టగొడుగు, అంతే. పెద్ద ఉండల రకంలో తేనె కలుపుతారు, క్యాప్సూల్ రకం అయితే పైపొర జెలటిన్ అయ్యుండొచ్చు, కాబట్టి పట్టింపు ఉన్నవాళ్ళు ఈ చిన్న నల్ల గోళీల రకమే, అదీ లేబుల్ ఒకసారి చదివి తీసుకోండి.